సంభాషణమునకు వక్త నెన్నుకొనుట: శ్రీకూర్మప్రాంత నిదర్శనములు

అంతర్జాలము మూలమునఁ బ్రసారమగుచు, శ్రోతలు తమకుఁ దీఱిక గలిగినప్పుడు వినఁదగిన ధ్వనిముద్రణపరంపరకు నేఁడు ‘పాడ్‌కాస్ట్’ అను పేరు వాడుకలో నున్నది. ఈ పేరు 2004వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు ‘గార్డియన్’ పత్రికలో బెన్ హామర్‌స్లీ యను పత్రికారచయిత వ్రాసిన వ్యాసమునఁ దొలుతఁ గానవచ్చినది. ‘ఐపాడ్’ అను చేతియంత్రము పేరును, ప్రసారార్థకమగు ఆంగ్లపదపు తుదిభాగమును గలసి యీ మాట యేర్పడెను. ఆ యంత్రముల తయారీ 2022లో నిలిచిపోయినది; మాట మాత్రము నిలిచినది. ఇందుఁ గథలు చదువునవి, వార్తలు చెప్పునవి, పాఠములు బోధించునవి పెక్కు జాతులు గలవు. ఒకఁ డడుగఁగా నొకఁడు చెప్పునట్టి సంభాషణరూపమే విశేషించి జనాదరము వడసినది. దానిఁ గూర్చువారు యంత్రముల మేలిమికిని, ప్రశ్నల చమత్కారమునకును బెద్దపీట వేయుదురు. కాని యీ పని మంచిచెడ్డలు యంత్రము నడచుటకుఁ బూర్వమే తేలిపోవును. ఎవరిని బిలువవలయును, పిలిచినవారి నెట్లు సిద్ధపఱుపవలయును అను రెండు సంగతులలోనే సారమంతయు నున్నది. ఇది క్రొత్తగాఁ బుట్టిన చిక్కు గాదు. కోశములకును వ్యాకరణములకును బ్రమాణపురుషుఁ డెవఁడను ప్రశ్న యెంత ప్రాచీనమో యిదియు నంత ప్రాచీనము.

పతంజలి మహాభాష్యమున నొక చిన్న కథ కలదు. ఒక వైయాకరణుఁడు రథము నొకదానిఁ జూచి, దీని ‘ప్రవేత’ యెవఁ డని యడిగెను. సూతుఁడు, తానే దాని ‘ప్రాజిత’ నని బదులు పలికెను. అది యపశబ్ద మని వైయాకరణుఁ డాక్షేపించెను. అంతట సూతుఁడు, అయ్యవారికి సూత్రము ప్రాప్తించు తావు దెలియునే కాని యిష్టమైన రూపము దెలియదని యెత్తిపొడిచెను. ఈ వాదమున గెలుపు సూతునిదే. ప్రశ్న వేసినవాఁడు పండితుఁడు. ఉత్తర మిచ్చినవాఁడు రథము తోలువాఁడు. రథమునకు సంబంధించిన మాట వచ్చునప్పటికిఁ బ్రమాణము రథము తోలువానియందే నిలిచినది. సంభాషణ నడపఁబూనువారు మొట్టమొదటఁ జదువవలసిన కథ యిది. మహాభాష్యమునందే పస్పశాహ్నికమునఁ గుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోవునట్లు శబ్దము కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోఁడని చెప్పఁబడినది. మాట యెక్కడ వాడుకలో నున్నదో యక్కడికే పోవలయు నని తాత్పర్యము.

శ్రీకాకుళపట్టణమునకుఁ దూర్పుగా, సముద్రమునకుఁ జేరువలో, గార మండలమున నున్న శ్రీకూర్మమును నిదర్శనముగాఁ గొని యీ విషయమును విచారింపవచ్చును. ఇది కూర్మరూపుఁడగు విష్ణువు వెలసిన క్షేత్రము. స్వామి పశ్చిమాభిముఖుఁడు; తూర్పునను బడమరను రెండు ధ్వజస్తంభములు గలవు. శ్వేతపుష్కరిణి గట్టునఁ బితృకార్యములు జరుగుచుండును. ఆలయపు టావరణలో నక్షత్రపుఁ దాఁబేళ్లు సంచరించును. మండపస్తంభములపైఁ దూర్పుగాంగుల కాలము మొదలుకొని చెక్కఁబడిన శాసనము లనేకములు గలవు, అందు క్రీ.శ. 1281 నాఁటి నరహరితీర్థుల శాసనము చరిత్రజ్ఞులకు సుపరిచితము. ఇట్టి యూరిని గుఱించి సంభాషణపరంపర నొకదానిఁ గూర్పఁదలఁచినవారు సాధారణముగా మువ్వురను బిలుతురు: ప్రధానార్చకుని, దేవాదాయశాఖోద్యోగిని, కళాశాలలోని చరిత్రోపన్యాసకుని. వీరు సులభముగా దొరకుదురు, తడఁబడక మాటాడుదురు. చిక్కంతయు నిక్కడనే యున్నది. ఈ మువ్వురును జెప్పునది చాలవఱకు నచ్చైన పుస్తకములలో నున్నదే. పుస్తకమున లేని సంగతి యెఱిఁగినవారు వేఱుగా నున్నారు. తాఁబేళ్లకు మేఁత వేయువారు, డోలోత్సవమున స్వామివారి పల్లకి మోయువారు, పుష్కరిణి గట్టునఁ బిండప్రదానములు చేయించు పురోహితులు, చుట్టుపట్ల తీరగ్రామములందు వల విసరువారు: వీరి పేళ్లు పట్టికలలో నుండవు. తామేదో యెఱుఁగుదు మనియు వీరు తలఁపరు.

శాసనములను జూచినచో నీ సంగతి మఱింత స్పష్టపడును. శిలపైఁ దేది యుండును, రాజు పేరుండును, దాత పేరుండును, అఖండదీపమునకు నిచ్చిన మాడల లెక్క యుండును, ధర్మ మాచంద్రార్కము నడవవలెనను కోరిక యుండును. తెలుఁగునాటి దీపశాసనములు కొన్నింటిలో, ఆవులను జేకొని నిత్యము నేయి పోయుట కొప్పుకొన్న బోయని పేరును గానవచ్చును. కాని యా బోయఁడు ప్రతిదినము నెంత దూరము నడచి నేయి తెచ్చెనో, కఱవు వచ్చిన యేఁట నేమి చేసెనో శిల చెప్పదు. ఇచ్చినవాఁడు మాటాడినాఁడు, మోసినవాఁడు మాటాడలేదు. ఇప్పటి ధ్వనిముద్రణములు నీ లోపమునే మరలఁ బెంచుచున్నచో వానికై పడిన శ్రమ వ్యర్థమే.

అంతమాత్రమున నర్చకుని బిలువఁ గూడ దని కాదు. అతనిని దేని నడుగవలయునో తెలిసి పిలువవలయును. శ్రీకూర్మమున స్వామి పడమటికిఁ దిరుగుటను గూర్చియు, రామానుజులవారి రాకను గూర్చియుఁ గథలు చెప్పుకొందురు. కథను గథగా వినుట యుచితమే. దానిని జరిగిన చరిత్రముగాఁ జెప్పు మని యర్చకు నొత్తిడి చేసినచో, అతఁడు తనకుఁ దెలియని దానికిఁ బూఁట పడవలసి వచ్చును. తెల్లవాఱుజామునఁ దలుపులు తీయుట మొదలు రాత్రి పవళింపుసేవ వఱకుఁ దాను చేతులారఁ జేయు పనులను జెప్పు మన్నచో నతనికి సాటి ప్రమాణము మఱి లేదు. కాఁబట్టి వక్త నెన్నుకొనునపుడే యతఁడు చెప్పఁబోవు దానిని మూఁడు రాశులుగా విడఁదీసికొనుట మంచిది: చేసినది, చూచినది, విన్నది. నైయాయికులకుఁ బ్రమాణవిభాగము గొత్త గాదు. ఆ విభాగమునే ధ్వనిముద్రణమునకు ముందు కాగితముపై వేసికొన్నచో చాలును.

ఈ ప్రాంతమున వక్తను వెదకి, కుదుర్చుకొని, యేండ్లతరబడి ప్రశ్నించిన మహానుభావుఁడు గిడుగు వేంకటరామమూర్తి పంతులు. ఆయన 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదిని ముఖలింగమునకుఁ జేరువనున్న పర్వతాలపేటలో జన్మించెను. విజయనగరమునఁ జదువుకొని, 1880లోఁ బర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నుపాధ్యాయుఁడయ్యెను. ముఖలింగ శాసనములను దానే చదివి లిపిపరిజ్ఞానము సంపాదించెను. పర్లాకిమిడికిఁ జుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుఁగునకుఁ గాని యొరియకుఁ గాని చుట్టము గాదు, ముండాకుటుంబమునకుఁ జేరినది. ఆ భాషకు నప్పటికి సరియైన వ్యాకరణము గాని నిఘంటువు గాని లేదు. నేర్చుకొనవలసినచో మనుష్యుని నాశ్రయింపవలసినదే.

పంతులుగారు చేసిన మొదటి పని గమనింపఁదగినది. ఆయన వెంటనే కొండ యెక్కలేదు. తెలుఁగు సవరలు రెండును దెలిసిన వ్యవహర్త నొకనిని దన యింటఁ బెట్టుకొని యతనివద్ద భాష నేర్చుకొనెను. ఇందు రెండు లాభములు గలవు. మొదటిది, ఇరువురకును నడుమ నొక సమానభాష యుండుటచే నొకఁ డడిగిన దేమో రెండవవానికి సందేహము లేకుండఁ దెలియును. రెండవది, ఒకే కప్పు క్రింద నుండుటచేఁ బ్రశ్నించుటకు వేళ యనునది లేదు. వంటవేళను, ఎండవేళను, పని చేయునప్పుడు వచ్చిన మాటలు చెవిఁ బడుచుండును. ఆనాఁటి యాచారములు దెలిసినవారికి, ఒక బ్రాహ్మణోపాధ్యాయుఁ డట్టివానిని దన యింట నుంచుకొనుట యెంత సాహసమో విడమరచి చెప్పనక్కఱలేదు. వక్తను గురువుగా మన్నించుట యన్నది యాయనకు నోటిమాట గాదు.

అటుపిమ్మట నాయన సవరపల్లెలకుఁ బోయెను. ద్విభాషి చెప్పినదానిని కొండమీఁదివారి నోటఁ బోల్చి చూచుకొనుట యవసరము; రెండు భాషలు దెలిసినవాని నాలుక రెండవభాషవైపునకుఁ గొంత యొరగియుండుట సహజము. సవరలో గొంతు బిగపట్టి విడుచు ధ్వని యొకటి కలదు. తెలుఁగు వర్ణమాలలో దానికి గుఱుతు లేదు. అట్టి ధ్వని నొక్కని నోట విని నిశ్చయింపరాదు. ఈ తిరుగుళ్లలోనే యాయనకు మన్యపు జ్వరము దగిలెను. దానికై మ్రింగిన క్వినైనాచేఁ జెవుడు వచ్చెను. ఇతరుల నోటిమాటను బట్టుటకై జీవితము ధారపోసినవాఁడు వినుకలినే కోలుపోవుట కంటెఁ గరుణమైన సంగతి మఱొకటి యుండునా? అయినను బని నిలువలేదు. 1931లో సవర వ్యాకరణగ్రంథమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువడెను. సవరబాలురకై స్వంతద్రవ్యముతో బడులు పెట్టించి, వారి భాషలోనే పాఠములు చెప్పించెను. వక్తవద్దఁ దీసికొన్నదానిని వక్త బిడ్డలకుఁ దిరిగి యిచ్చుట యనఁగా నిదియే. ఆయన కుమారుఁడు సీతాపతిగారును సవరభాషాకృషిలోఁ బాలుపంచుకొనెను. 1936లోఁ బర్లాకిమిడి యొరిస్సాలోఁ జేర్పఁబడఁగాఁ బంతులుగారు రాజమహేంద్రవరమునకుఁ దరలిపోయి, 1940 జనవరి 22వ తేదిని గాలధర్మము నొందిరి.

ఆయనకును, 1911లో నేర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తువారికిని జరిగిన వాదమును బండితు లెల్లరు నెఱుఁగుదురు. దాని నిక్కడఁ ద్రవ్వనక్కఱలేదు. అయినను వాదమునకు మూలమైన ప్రశ్న మాత్రము ప్రకృతవిషయమునకుఁ జేరువ చుట్టము: శిష్టుఁ డనఁగా నెవఁడు, ఎవని మాట ప్రమాణము? సవరకొండలలో వాడుకను వెదకి పట్టుకొన్నవానికిఁ దన యింటిభాషలోను వాడుకయే కనఁబడుటలో వింత లేదు. పరిషత్తువారి పక్షమున నొకమాట చెప్పవచ్చును. వక్త నెన్నుకొనుటకు నియమము లేనిచో నేది వాడుక, ఏది పొరపాటు అని తేల్చుట కష్టమన్న వారి భయము నిరాధారము గాదు. నియమము వలయును; అది గ్రంథములనుండియే రావలె నన్నచోటనే భేదము.

ఒక్క వక్తనే నమ్ముకొనుట వలన నేమగునో నీలగిరులలో జరిగిన పని చూపును. అమెరికాదేశపు భాషావేత్త ఎమెనో 1935 నుండి 1938 వఱకు భారతదేశమున నుండి, కోతల భాషలోఁ గథలను జెప్పించుకొని వ్రాసికొనెను. అవి ‘కోత టెక్స్ట్స్’ అను పేర 1944 మొదలుకొని యచ్చైనవి. చెప్పినవాఁడు సుల్లి యను నొక్కఁడే. మానవశాస్త్రజ్ఞుఁడగు మండెల్‌బామును గోతల యాచారములను గుఱించి ముఖ్యముగా నా సుల్లినే యాశ్రయించెను. సుల్లి చదువుకొన్నవాఁడు, మంచి కథకుఁడు, తనవారి యాచారములను సంస్కరింపఁ బూనినవాఁడు. ఇంతకన్నఁ దగిన వక్త దొరకుట యరుదు. కాని కోతలను గుఱించి విద్వల్లోక మెఱిఁగినదానిలోఁ బెద్దపాలు, తోటివారితో విభేదించిన యొక సంస్కర్త కంటఁ జూచినదే యైనది. మండెల్‌బాము దీనిని గుర్తించి, 1960లో సుల్లిని గుఱించియే వేఱుగా నొక వ్యాసము వ్రాసెను. చురుకైన వక్త దొరకినప్పుడు సంతోషించుట సహజము. వెంటనే రెండవవానిని వెదకుట యావశ్యకము. రెండవవాఁడు మెల్లఁగా మాటాడినను, ముందువానితో నొప్పుకొనకున్నను మఱియు మేలు.

తెలుఁగుదేశమున నీ పని పెద్దయెత్తున జరిగిన సందర్భము మాండలికవృత్తిపదకోశముల కూర్పు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు 1962లో వ్యవసాయపదములను, 1971లోఁ జేనేతపదములను బ్రకటించిరి. కోశకర్తలు పండితులను గాక యాయా వృత్తులవారినే ప్రశ్నించి పదములను సేకరించిరి. తెలుఁగున నాలుగు మండలభేదములు గల వనియు, శ్రీకాకుళ విశాఖపట్టణములు తూర్పుమండల మనియు నిర్ణయించుట కీ కృషియే యాధారము. ‘బుగత’ యనఁగా భూస్వామి యనియు, ‘కంబారి’ యనఁగాఁ బాలేరనియు గుంటూరివాని కెవఁడు చెప్పును?

వృత్తిపదములను రాఁబట్టుటలో నొక మెలకువ యున్నది. శ్రీకాకుళమునకుఁ జేరువనున్న పొందూరు సన్నని ఖద్దరుకుఁ బేరు వడసినది. అక్కడ కొండపత్తిని, పునాసపత్తిని వాలుగచేఁప దవడతో నేకి శుభ్రపఱచి, రాట్నముపై సన్నని నూలు వడకుదురు. ఏకుటయు వడకుటయు స్త్రీల పని. ఆ పని చేయు వృద్ధురాలిని ముందు కూర్చుండఁబెట్టి, “మీ వృత్తివిశిష్టతను గుఱించి చెప్పుఁడు” అన్నచో నామె యేమి చెప్పఁగలదు? గాంధీమహాత్ముఁడు మెచ్చుకొన్న సంగతి చెప్పి యూరకుండును. అది యందఱికిఁ దెలిసినదే. “అమ్మా, ఈ దవడ యెన్నాళ్లు వచ్చును? పండ్లరిగినచో నేమి చేయుదురు? కొండపత్తికిని బునాసపత్తికిని జేతికిఁ దెలియు భేద మేమి? వానకాలమున నూలు తెగునా?” అని యడిగినచో మాటలు వాగువలె వచ్చును. అంతకన్న మేలైన మార్గము, ఆమె చేతికిఁ దవడ నిచ్చి పని చేయుచుండఁగా నడుగుట. చేయి జ్ఞప్తికిఁ దెచ్చునట్టిది నోరు తెచ్చుకొనలేదు. తప్పెటగుళ్లు వేయువారును నిట్టివారే. కుర్చీలోఁ గూర్చుండి కళాస్వరూపమును వర్ణింపు మన్నచో బిక్కమొగము వేయుదురు. జట్టులోని మఱియిద్దఱిని బిలిచి, గుండెపైఁ దప్పెట గట్టుకొన నిచ్చినచోఁ బాట నడుమనే వారు వ్యాఖ్యానము చేయుదురు. కొందఱు వక్తలు విడిగా నుండరు, జట్టుగానే యుందురు.

ఇఁక వక్తను సిద్ధపఱచుట. ఇందుఁ బరస్పరవిరుద్ధములైన రెండు తప్పులు గలవు. ఏమియుఁ జెప్పక హఠాత్తుగా నడుగుట యొకటి. అంతయు వ్రాసి యిచ్చి చదివించుట రెండవది. రెండవదానికిఁ బ్రసిద్ధోదాహరణము గ్రియర్‌సన్ నడపిన భారతీయభాషాపరిశీలనము. అందుఁ బ్రతిభాషకును మాతృకగాఁ దీసికొన్న దొక్క బైబిలు కథయే: తప్పిపోయిన కుమారుని కథ. దానిని భాషాంతరీకరింపించి, తరువాతఁ గొన్ని భాషలలో గ్రామఫోను పలకలపై నెక్కించిరి. భాషలను బోల్చుటకు మాతృక యొక్కటైనచో ననుకూలమే. కాని చెప్పువానికిఁ దనది గాని కథ నిచ్చినచో వానినోట వాక్యము తన నడక నడవదు. మాటకు మాట పెట్టుటయే మిగులును. ఆకాశవాణిలోఁ బ్రసంగప్రతిని ముందుగా వ్రాసి పంపి, చూచి చదువుట చిరకాలము వాడుకగా నుండెను. దానివలన వేళ తప్పదు, తప్పుమాట దొరలదు. శాస్త్రవిషయములకది తగియే యుండెను. చదువురాని జాలరి కదియే విధించినచో నతని నోరు గట్టివేసినట్లే. పాడ్‌కాస్ట్‌కు నిమిషముల కట్టడి లేదు గనుక నీ బంధము దానికి నక్కఱలేదు.

ఈ రెండు తప్పుల నడుమ నున్న దారి యిట్టిది. ధ్వనిముద్రణమునకుఁ బూర్వము వక్తను గనీసము రెండుమాఱులు యంత్రము లేకుండఁ గలిసికొనవలయును. మొదటిమాఱు తానెవఁడో, ఎందుకు వచ్చెనో, ఈ మాట లెక్కడ వినఁబడునో చెప్పుట ధర్మము. అంతర్జాలమున నుంచిన మాటను గువైటునందున్న మేనల్లుఁడును వినును, పొరుగింటి దాయాదియు వినును. ఈ సంగతి ముందే చెప్పకున్నచో వక్తను మోసగించినట్లగును. రెండవమాఱు ప్రశ్నలు గాక ప్రకరణములు చెప్పవలయును: బాల్యమును గుఱించి, పనిని గుఱించి, ఫలానా తుపానును గుఱించి మాటాడుదమని. ప్రశ్నలనే ముందుగాఁ జెప్పినచో నుత్తరములు వల్లెవేయఁబడును. అన్నిటికంటె ముఖ్యము, ఆ సందర్శనములలో వక్త మంచి కథ నెత్తుకొన్నచోఁ దొందరపడి వినకుండుట. ఒకమాఱు చెప్పిన కథ రెండవమాఱు చెప్పునపుడు సగము వాడి కోలుపోవును. అప్పుడు, “తాతా, దీనిని యంత్రము పెట్టిననాఁడు వినెదను” అని మెత్తఁగా నాపుట నేర్చుకొనఁదగిన విద్య. పృచ్ఛకుని సిద్ధత వేఱుగా నున్నది. శ్రీకాకుళమునఁ గాళీపట్నము రామారావుగారు 1997లో స్థాపించిన కథానిలయము వంటి తావున నొకవారము గూర్చుండి యీ ప్రాంతపు కథలు చదివినచో నూళ్ల పేళ్లు, వరుసలు, పంటలు, ఋణముల తీరు తెలియును. ‘వల’ యన్న మాటకు మించి వలల పేళ్లు దెలియనివాఁడు జాలరి ముందుఁ గూర్చుండి కాలము వ్యర్థము చేయరాదు.

వేళ నెఱుఁగుటయు నిందులోనిదే. డోలోత్సవదినములందు శ్రీకూర్మపు టర్చకునకు నూపిరి సలుపుకొనుటకుఁ దీఱిక యుండదు. జాలరికి నట్లే, పడవ యొడ్డునకు వచ్చిన యుదయమునఁ జేఁపల బేరము ముఖ్యము. తూర్పుతీరమునఁ బ్రతిసంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు మరపడవల వేట నిషిద్ధము. అప్పుడు వలలు బాగుచేసికొనుచు నీడపట్టున నుందురు. అదియే సంభాషణకుఁ దగిన ఋతువు. తావును జూచుకొనవలయును. ఇసుకదిబ్బమీఁది గాలి చెవికిఁ జల్లనిదే కాని మైక్రోఫోనునకు శత్రువు. ఇంటిలోఁ దిరుగు విసనకఱ్ఱయంత్రమును నట్టిదే. వలలు కుప్పపోసిన గదిలోఁ బ్రతిధ్వని యుండదు గనుక ధ్వని కదియే మేలు.

తీరగ్రామములలోనే వేఱొక బరువైన సంగతి కలదు. శ్రీకాకుళ విజయనగరముల జాలరులు కూలికై గుజరాతునందలి వేరావలునకుఁ బోయి యక్కడి మరపడవలలో వేటాడుదురు. 2018వ సంవత్సరాంతమున నట్లు పోయినవారిలో నిరువదిమందికిఁ బైగాఁ బాకిస్థాను నావికారక్షకుల చేఁ జిక్కి, కరాచీ కారాగారమున నుండిరి. అందు నిరువదిమంది 2020 జనవరిలో విడుదలై వచ్చిరి. ఈ వృత్తాంతము నాధారముగాఁ గొని 2025లో ‘తండేల్’ అను చలనచిత్రము వెలువడెను. పడవనాయకునకుఁ దీరమునఁ గల పేరది. ఇట్టి యనుభవము గలవానిని వక్తగాఁ బిలువఁ బలువు రుబలాటపడుట సహజము. కాని యతనిని నదివఱకే పత్రికలవారు, దూరదర్శనములవారు, చిత్రములవారు నడిగియున్నారు. పలుమాఱులు చెప్పుటచే నా కథ గట్టిపడి శిలాశాసనమువలె నైపోవును. చిత్రము చూచిన తరువాతఁ జిత్రములోని ఘట్టమేదో, తన బ్రతుకులోని ఘట్టమేదో విడఁదీయుట చెప్పువానికే కష్టము. అట్టివానిని జెఱసాల సంగతి గాక, మొదటిమాఱు వేరావలునకు రైలెక్కినదినము, బయానాగాఁ దీసికొన్న సొమ్ము, వచ్చిన తరువాత మరల సముద్రముపైఁ గాలు పెట్టిన యుదయము అడిగినచో నెవ్వరు నడుగని కథ వచ్చును. ఆతని యిల్లాలిని బిలిచినచో నింకను మేలు. పదునాలుగుమాసములు వార్త లేక యిల్లు గడపినది యామె. ఆమె నడిగినవారు తక్కువ. దుఃఖము పొంగినప్పుడు యంత్రము నాపు హక్కు వక్తదేనని ముందే చెప్పి, ఆపుటెట్లో చూపవలయును. కన్నీటిని రాఁబట్టుటయే నేర్పనుకొనువారును గలరు. అది యాఖేటకము గాని సంభాషణ గాదు.

సవరలలోఁ జనిపోయినవారితో సంభాషించు నాచార ముండెను. గణాచారిణి యావేశము నొందఁగా మృతులు ఆమెనోటఁ బలుకుదురనియు, బ్రతికినవారు వారిని బ్రశ్నింతురనియుఁ బియర్స్ విటెబ్‌స్కీ 1993లో వెలువడిన గ్రంథమున వివరించెను. ప్రశ్నకు సమయము, తావు, మధ్యవర్తి, వినువారు అన్నియు నచట నియతములు. చచ్చినవారి నడుగుటకే యింత మర్యాద యుండఁగా బ్రతికినవారి నడుగుటకు నుండకుండునా?

చివరకు భాష. శ్రీకూర్మప్రాంతపు వక్త ‘నేను’ అనుటకు ‘నాను’ అనును, ‘ఏమిటి’ యనుటకు ‘ఏటి’ యనును. పాఠశాలలోఁ జదివినవాఁడు యంత్రమును జూడఁగానే వీనిని దాఁచి పుస్తకపు తెలుఁగు మాటాడఁ బ్రయత్నించును. రెండుభాషల నడుమఁ జిక్కి చెప్పఁదలఁచినదానిని మఱచును. దీనికిఁ బృచ్ఛకుని పలుకుబడియే కారణము గాని వక్త దోషము గాదు. తానాయూరివాఁడు గానివాఁడు ‘ఏటి’ యని యనుకరించినచో వెక్కిరింపుగాఁ దోఁచును. తన వాడుకలోఁ దాను నిరాడంబరముగా మాటాడిన చాలును. ఆయూరిబాలిక నొకర్తెను బ్రక్కఁ గూర్చుండఁబెట్టి, వక్త యామెతోనే మాటాడునట్లు చేయుట యంతకంటె మంచియుపాయము. ముసలివారు మనుమరాలితో మాటాడునప్పుడు యంత్రమును మఱతురు. సంభాషణను గాగితముపైఁ బెట్టునపు డీ రూపములను దిద్దుట గూడదు. దిద్దినచో గిడుగువారు సవరపల్లెకుఁ బోయిన దెందులకు, పదకోశకర్తలు పొలములలోఁ దిరిగిన దెందులకు? గ్రాంథికమున వ్యాసములు వ్రాయు పండితులకును దీనియం దభ్యంతర ముండరాదు. వ్యాసము వ్రాసినవాని భాష వేఱు, సాక్షి చెప్పినదానిని వ్రాసికొనునప్పటి భాష వేఱు. న్యాయస్థానపు గుమస్తాయు నీ భేద మెఱుఁగును.

ధ్వనిముద్రణమునకు మొదట వక్త పేరు, ఊరు, ఇంచుమించు వయస్సు, వృత్తి, తేది, ప్రశ్నించినవారి పేరు స్పష్టముగాఁ బలికించుట యవసరము. పేరు వలదన్నవక్తకు వేఱుపేరు పెట్టి, యా సంగతియుఁ జెప్పవలయును. అంతర్జాలమున నున్నది శాశ్వత మని తలఁపరాదు. దానిని నిలుపుకొన్న సంస్థ మూఁతపడినచోఁ బ్రసారమును మాయమగును. కావున నొకప్రతిని స్థానికగ్రంథాలయమున నుంచి, రెండవప్రతిని వక్త యింటివారి చేతి కీయవలయును. ఇచ్చునపుడు వక్తతోఁ గూర్చుండి మొదటినుండి తుదివఱకు వినిపించుట మేలు. తీసివేయు మన్నదానిని దీసివేయవచ్చును. వినుచున్నప్పుడు, ఇది కాదు, ఇట్లు జరిగినది, అని వక్త మరలఁ జెప్ప మొదలిడుటయుఁ దఱచుగాఁ గలదు. అప్పటికి యంత్రము సిద్ధముగా నుండవలయును.